'ఎందుకెళ్తున్నావ్' నుంచి 'ఎందుకు రాలేదు' దాకా

91 కిలోల నుంచి 79కి వచ్చాను, పదకొండు నెలలు పట్టింది. అడిగేవాళ్లంతా ముందు ఇదే అడుగుతారు కాబట్టి మొదటే చెప్పేస్తున్నా. ఇక అసలు సంగతికొస్తే, అంతకుముందు ఆరేళ్లలో కనీసం ఎనిమిదిసార్లు వ్యాయామం మొదలుపెట్టి ఎనిమిదిసార్లూ మానేసిన మనిషిని నేను. మానేసిన ప్రతిసారీ నాకు నేను చెప్పుకున్నది ఒకటే, నాలో పట్టుదల లేదని. తొమ్మిదోసారి కూడా అదే నేను, అవే మోకాళ్లు, అదే బద్ధకం. చుట్టూ ఉన్న మనుషులు మాత్రం వేరు. ఏం జరిగిందో వరసగా రాస్తాను, బెడిసికొట్టినవి కూడా.

ముందు పాత బ్యాచ్ గురించి చెప్పాలి. కాలేజీ రోజుల నుంచి కలిసి ఉన్న నలుగురం. ఉద్యోగాలూ ఒకే ఊళ్లో, ఇళ్లు కూడా పది నిమిషాల దూరంలోనే. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఎవడో ఒకడి ఇంట్లో చేరేవాళ్లం, పన్నెండింటి దాకా కూర్చునేవాళ్లం, పడుకునేసరికి ఒంటిగంట. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మా నాన్నకి ఒంట్లో బాగాలేనప్పుడు అర్ధరాత్రి ఫోన్ చేస్తే ముగ్గురూ వచ్చి తెల్లారేదాకా ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. నేను పొద్దున్నే నడకకి వెళ్తానంటే ఎవడూ వద్దని అనలేదు. కాకపోతే రాత్రి పదకొండింటికి నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే "ఏంటి, అప్పుడేనా?" అనేవాళ్లు. ఎందుకురా అంత పొద్దున్నే, సినిమాలో ఏమైనా వేషం వచ్చిందా అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఏదో ఒక సమాధానం చెప్పేవాణ్ణి.

ఆ ఏదో ఒక సమాధానమే నన్ను మాన్పించిందని ఇప్పుడు అర్థమవుతోంది. అది పెద్ద అడ్డంకేం కాదు, అర నిమిషం పని. కానీ రోజూ చెప్పాలి. మొదటి వారం ఉత్సాహంగా చెప్తాం, రెండో వారం జోక్ చేసి తప్పించుకుంటాం, పదిహేడో రోజో పద్దెనిమిదో రోజో చెప్పడానికి ఇంక మాటలుండవు, సరే ఇవాళ్టికి కూర్చుందాంలే అనిపిస్తుంది. కూర్చుంటే ఎవరికీ ఏ సమాధానమూ చెప్పక్కర్లేదు కదా. ఎనిమిదిసార్లూ దాదాపు ఇలాగే జరిగింది.

తర్వాత ఆఫీసువాళ్లు వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ చేశారు. నేను అడిగింది కాదు, సంతోషంగా వెళ్లిందీ కాదు. అక్కడ ఇంకో టీమ్‌లో పనిచేసే ఒకతనితో కలిసి ఫ్లాట్ తీసుకున్నాను. అతను పొద్దున అయిదింటికి లేస్తాడు. హాల్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది, దాన్ని గోడ దగ్గర నుంచి లాక్కుని, అందులో కూర్చుని షూ వేసుకునేవాడు. టైల్స్ మీద ఆ కుర్చీ కాళ్లు గర్రుమని రాసుకునే చప్పుడు గది తలుపు మూసినా సరే నా చెవిలోకే వచ్చేది. తర్వాత ఒక కాలు లేసు, రెండు సెకన్లు నిశ్శబ్దం, రెండో కాలు లేసు, గొళ్లెం. మూడు వారాలు ఈ చప్పుళ్లు వింటూ దుప్పటి కింద అతన్ని తిట్టుకుంటూ పడుకున్నాను.

అతను నన్ను రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు. ఇది గట్టిగా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే పిలిచి ఉంటే నేను కచ్చితంగా వెళ్లేవాణ్ణి కాదు. ఇంకొకరు బాగు చేద్దామని వస్తే నాకు వెంటనే మొండితనం వస్తుంది.

నేను పొద్దున్నే లేవడం మొదలైంది కూడా గొప్ప నిర్ణయం వల్ల కాదు. ఆ ఊళ్లో నాకు రాత్రిపూట మాట్లాడే మనిషి లేడు. ఫోన్ ఎంతసేపని చూస్తాం, పదింటికల్లా నిద్ర వచ్చేసేది. పదింటికి పడుకున్నవాడు అయిదింటికి కుర్చీ చప్పుడుకి లేవక ఏం చేస్తాడు? నాలుగో వారంలో ఒకరోజు లేచి, చేసేదేమీ లేక, హాల్లోకి వచ్చి "నేనూ రావచ్చా" అన్నాను. "రండి" అన్నాడు, అంతే. ఆ రోజు కుర్చీ నేనూ లాక్కున్నాను.

గ్రౌండ్‌లో ఇరవై మంది దాకా ఉన్నారు. ఇరవై రెండేళ్ల కుర్రాడి నుంచి రిటైరైనవాళ్ల దాకా. అందరికంటే వెనక ఒక పెద్దాయన ఉండేవారు, అరవై దాటి ఉంటాయి. ఆయనకి వేగంగా పరిగెత్తడం రాక వెనక ఉన్నారనుకున్నాను. కాదు, చివర వచ్చేవాడితో ఉండటమే ఆయన పెట్టుకున్న పని. ఆ రోజు చివర వచ్చేవాణ్ణి నేనే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిదిసార్లు అన్నారు. ఇదేంటి చిన్నపిల్లల లెక్క అనుకున్నాను. నాలుగోసారికే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాను. "ఆగొద్దు బాబూ, నడువు" అని, పక్కన నడుస్తూ "ఏం పని చేస్తావ్?" అని అడిగారు. నాకు గొంతులోంచి మాట రాలేదు. "చూశావా, జవాబు చెప్పలేకపోతున్నావంటే ఎక్కువ వేగంగా వెళ్తున్నట్టు. మాట్లాడగలిగినంత వేగం చాలు" అన్నారు. ఈ మాట్లాడే పరీక్షని వ్యాయామం నేర్పేవాళ్లు నిజంగానే వాడతారని తర్వాత తెలిసింది. పరుగు మధ్యలో చిన్న చిన్న వాక్యాలు చెప్పగలిగితే మనం ఒక మోస్తరు శ్రమలో ఉన్నట్టు, రెండు మూడు పదాలకే ఆయాసం వస్తే హద్దు దాటినట్టు. గడియారమూ అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు. పక్కన ఒక మనిషి ఉండాలి, అంతే.

రెండో వారంలో ఒకరోజు వెళ్లలేదు. ప్రత్యేకించి కారణమేమీ లేదు, ఆ రోజు ఒళ్లు కదల్లేదు. మర్నాడు గ్రౌండ్‌లోకి అడుగు పెట్టగానే ఒకాయన "నిన్న రాలేదేం?" అన్నారు. ఇంకో రెండు నిమిషాలకి ఇంకొకరు. వార్మప్ చేస్తుంటే మూడో మనిషి, "ఒంట్లో బాగానే ఉందా?" అని. ముగ్గురిలో ఎవరూ తప్పుపట్టినట్టు అడగలేదు, ఊరికే అడిగారు. నేను తడబడి ఆఫీసు పని అని ఏదో అబద్ధం చెప్పాను.

ఆ అబద్ధం చెప్తున్నప్పుడే నాకు తట్టింది. పాత చోట వెళ్తే సమాధానం చెప్పాలి, ఇక్కడ వెళ్లకపోతే చెప్పాలి. నేను సమాధానాలు చెప్పడానికి బద్ధకించే మనిషిని. అక్కడా అదే బద్ధకం, ఇక్కడా అదే బద్ధకం. కాకపోతే అక్కడ అది నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది, ఇక్కడ గ్రౌండ్‌కి లాక్కొచ్చింది. పట్టుదల అని నేను ఆరేళ్లు వెతుక్కున్నదానికి ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద వేషమే లేదు.

పన్నెండో వారంలో అయిదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాను. 41 నిమిషాలు. నడిచేవాళ్లు కొందరు నన్ను దాటివెళ్లారు కూడా, అయినా నాకు పండగలా ఉంది.

ఇక్కడ ఒక తప్పు చేశాను, చెప్పాలి. ఆ ఊపులో ఈ విషయం మీద దొరికిందల్లా చదివేవాణ్ణి. నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే ఇద్దరు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనంలో ఉన్న 12,067 మంది వివరాలు, 1971 నుంచి 2003 వరకు, ముప్పై రెండేళ్లవి తీసి చూశారు. ఒక మనిషి స్నేహితుడికి ఊబకాయం వస్తే ఆ మనిషికీ వచ్చే అవకాశం 57 శాతం పెరిగిందని తేల్చారు. తోబుట్టువులైతే 40 శాతమట, భార్యాభర్తలైతే 37. అంటే ఇంట్లోవాళ్ల కంటే స్నేహితుడి ప్రభావమే ఎక్కువ. నేను తెలివితక్కువగా దీన్ని తీసుకెళ్లి మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, "చూశార్రా" అని. కాసేపటికి ఒకడు "అంటే ఇన్నాళ్లూ మా వల్లేనన్నమాట" అని రాశాడు. తర్వాత రెండు రోజులు ఆ గ్రూపులో ఎవడూ ఏమీ మాట్లాడలేదు. పదమూడేళ్లలో అంత నిశ్శబ్దం నాకు గుర్తులేదు.

మళ్లీ చదువు నుంచే దారి దొరికింది. ఆ లెక్క వేసిన పద్ధతి మీద అభ్యంతరాలు వచ్చాయట. 2008లో ఇంకో ఇద్దరు పరిశోధకులు అలాంటి లెక్కనే మొటిమలకి, తలనొప్పికి, ఎత్తుకి వేసి చూస్తే అవి కూడా స్నేహితుల నుంచి "అంటుకుంటున్నట్టు" కనబడ్డాయి. ఎత్తు ఎలా అంటుకుంటుంది? ఒకే రకం మనుషులు ముందే ఒకచోట చేరతారు, ఒకే పరిసరాల్లో బతుకుతారు, దాన్నీ ప్రభావాన్నీ విడదీసి చూడటం కష్టమని వాళ్లు చెప్పదలుచుకున్నది. దీన్ని కూడా గ్రూపులో పెట్టి, "సారీరా, మీ వల్ల పొడుగు కూడా పెరిగాను" అని రాశాను. ముగ్గురూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు, ఒకడు బూతు పెట్టాడు. ప్రాణం లేచొచ్చింది.

నిజం మాట్లాడుకుంటే మా రాత్రి కూర్చోవడాల్లో నాది నాలుగో వంతు వాటా. వాళ్ల ఒంటిగంట నిద్రకి నేను కూడా కారణమే కదా. వాళ్లు నా పరిసరాలైతే నేను వాళ్ల పరిసరాలు.

కొత్త బ్యాచ్ కూడా దేవతల గుంపేం కాదు. ముందు పరిగెత్తే నలుగురు ఉండేవాళ్లు, వాళ్లకి టైమింగ్‌లు తప్ప ఇంకో మాట లేదు. కిలోమీటర్ ఎంతలో, వారానికి ఎన్ని, ఏ వాచీ. ఎవడైనా ఒకరోజు రెస్ట్ తీసుకుంటే "ఓహో, వీఐపీ" అని ఒక మాట వేసేవాళ్లు. నాకు నాలుగో నెలలో ఆ నలుగురితో ఉండాలని పిచ్చి పట్టింది. పెద్దాయన పక్కన ఉంటే నన్నింకా కొత్తవాడిగా చూస్తున్నారని నామోషీ. వారానికి 12 కిలోమీటర్లు ఉండేది, మూడు వారాల్లో 30కి తీసుకెళ్లాను. మాట్లాడే పరీక్ష గాలికి వదిలేశాను, మాట్లాడటానికి పక్కన ఎవరైనా ఉంటే కదా, వాళ్లంతా యాభై గజాల ముందు ఉండేవాళ్లు.

కుడి కాలు ముందు ఎముక లోపలి అంచున, చీలమండకి జానెడు పైన నొప్పి మొదలైంది. పరుగు మొదట్లో ఉండేది, ఒళ్లు వేడెక్కాక తగ్గేది, అందుకని పట్టించుకోలేదు. తర్వాత మెట్లు దిగుతుంటే వచ్చింది. తర్వాత రాత్రి పడుకుని బొటనవేలితో నొక్కితే చాలు ప్రాణం పోయేది. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఎముకని అలాగే పొడుగునా నొక్కుకుంటూ వెళ్లి, ఒకే చోట కాకుండా బెత్తెడు మేర నొప్పి ఉంది కాబట్టి ఎముక చిట్లి ఉండకపోవచ్చు, షిన్ స్ప్లింట్స్, అంటే ఒత్తిడికి ముంగాలి ఎముక అంచు నొప్పెట్టడం, అన్నారు. దూరం ఒక్కసారిగా పెంచేస్తే తరచూ వచ్చేదే. మూడు వారాలు పరుగు బంద్, మడమలు పైకెత్తి దించే వ్యాయామం రోజూ, నొప్పి లేనంత మేర నడక.

తర్వాత చదివిన సంగతొకటి చెప్తాను. జర్మనీలో ఓటో కోలర్ అనే ఆయన 1920ల్లో పడవ పందేలవాళ్ల మీద ఒక పరీక్ష చేశాడు. ఒంటరిగా బరువు ఎత్తినప్పటి కంటే జంటగా ఎత్తినప్పుడు ఇద్దరిలో బలహీనుడు తన శక్తికి మించి ఎక్కువసేపు నిలబడ్డాడు. నా వల్ల పక్కవాడు ఆగిపోకూడదన్న పట్టింపు. అయితే ఇద్దరి మధ్య తేడా మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆ లాభం తగ్గిపోతుంది. ఇది కాలు విరగ్గొట్టుకోబోయే ముందు చదివుంటే బాగుండేది. నాకు సరిపోయే జోడీ ముందున్న ఆ నలుగురు కాదు, నాకంటే కొంచెం మెరుగైన నా రూమ్మేటే.

ఆ మూడు వారాలూ నిజంగా భయం వేసింది. తొమ్మిదోసారి కూడా ఇక్కడే ఆగిపోతుందని. పెద్దాయన ఫోన్ చేసి "పరిగెత్తకపోతే రాకూడదని ఎవరన్నారు? వచ్చి కూర్చో" అన్నారు. వెళ్లి గట్టు మీద కూర్చుని కాలు మడమలు ఎత్తుకుంటూ, దించుకుంటూ, వాళ్ల రౌండ్లు లెక్కపెట్టేవాణ్ణి. సిగ్గుగానే ఉండేది. కానీ పొద్దున అయిదింటికి లేవడం పోలేదు, కుర్చీ చప్పుడు పోలేదు, అది చాలింది.

తిరిగి మొదలుపెట్టాక ఇంకో విచిత్రం గమనించాను. నేను రూమ్మేట్‌ని అందుకుంటున్న కొద్దీ అతను వేగం పెంచాడు. అంతకుముందు వారానికి నాలుగు రోజులు వచ్చేవాడు, అయిదయ్యాయి. 2017లో దాదాపు 11 లక్షల మంది రన్నర్ల అయిదేళ్ల డేటాతో వచ్చిన ఒక పరిశోధనలో ఇదే ఉంది, తక్కువ పరిగెత్తేవాళ్ల ప్రభావం ఎక్కువ పరిగెత్తేవాళ్ల మీద పడుతుంది, అటునుంచి ఇటు కాదు అని. పైన ఉన్నవాణ్ణి చూసి స్ఫూర్తి పొందుతామని అందరూ అంటారు కానీ వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే వచ్చే ఊపు వేరు. అతను ఒప్పుకోడు, అది వేరే విషయం.

ఫిట్‌నెస్ కాకుండా మారినదొకటి ఉంది, దాన్ని ఎలా చెప్పాలో సరిగ్గా తెలీడం లేదు. పాత బ్యాచ్‌లో ప్రతివాడికీ ఒక వేషం ఉంటుంది కదా. ఒకడు తెలివైనవాడు, ఒకడు కోపిష్టి, నేను లావుగా ఉండి జోకులేసేవాణ్ణి. పదమూడేళ్లు అదే వేషం. ఎవరూ బలవంతం చేయలేదు, కానీ నేను సీరియస్‌గా ఏదైనా మాట్లాడితే ముగ్గురూ నవ్వడానికి రెడీగా ఉండేవాళ్లు, చివరికి నేనే దాన్ని జోక్‌గా మార్చేసేవాణ్ణి. కొత్త ఊళ్లో నేను జోకులేసేవాణ్ణని ఎవరికీ తెలీదు. మొదటి రెండు నెలలు నేనెవరో నాకే తెలీనట్టు ఉండేది, ఇబ్బందిగా. తర్వాత అదే హాయి అయింది. రోజూ ఇరవై మంది ముందు చివర రావడం అలవాటైన మనిషికి ఆఫీసు మీటింగ్‌లో "నాకిది అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడం పెద్ద కష్టమేం కాదు. ఉద్యోగంలో చేరిన ఏడేళ్లలో ఆ మాట మొదటిసారి అక్కడే అన్నాను. ఒక సర్టిఫికేషన్ పరీక్ష మూడేళ్లుగా వాయిదా వేస్తున్నాను, రూమ్మేట్ పరుగు నుంచి వచ్చాక అరగంట చదువుకునేవాడు కాబట్టి ఎదురుగా కూర్చుని నేనూ చదివి రాసేశాను. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఎనిమిది నెలల తర్వాత సెలవు పెట్టి పాత ఊరు వెళ్లాను. రాత్రి అదే ఇల్లు, అదే నలుగురం, అవే కథలు, కడుపు నొప్పి వచ్చేలా నవ్వుకున్నాం. పదకొండింటికి నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. లేచాను. "ఏంటి, అప్పుడేనా?"

"అవున్రా, నిద్రొస్తోంది" అన్నాను.

"సరే, పో" అన్నారు. అంతే. మళ్లీ వాళ్ల మాటల్లో పడిపోయారు. తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ ఒక నిమిషం అలాగే నిలబడ్డాను. ఆరేళ్లు నేను మోసిన ఆ ప్రశ్నకి అంత చిన్న జవాబు సరిపోయేదా? బహుశా అప్పుడు కూడా సరిపోయేదేమో, నాకే అంత మామూలుగా చెప్పడం చేతకాలేదు. ఒకడు మాత్రం మర్నాడు పొద్దున నాతో వచ్చాడు. దారంతా తిట్టుకుంటూ మూడు కిలోమీటర్లు నడిచాడు. మళ్లీ రాలేదు, నేనూ అడగలేదు.

స్నేహితుల్ని మార్చెయ్యండి, కిందికి లాగేవాళ్లని వదిలించుకోండి అని సలహాలిచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా విషయంలో ఎవర్నీ వదిలించుకోలేదు. రోజులో ఒక గంట వేరే మనుషుల మధ్య గడిపాను, అంతే. కాకపోతే ఆ గంట నాకు దొరకడానికి ఊరు మారాల్సి వచ్చింది, అది కూడా నా ఇష్టంతో కాదు. సొంత ఊళ్లోనే ఉండి ఇది చేసేవాళ్లకి నేను దండం పెడతాను.

వానాకాలంలో గుంపు పల్చబడింది. రూమ్మేట్ ఉద్యోగం మారి వెళ్లిపోయాడు, కుర్చీ మిగిలింది. నేను వరసగా పదకొండు రోజులు వెళ్లలేదు. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి అది 18 నుంచి 254 దాకా ఉండొచ్చని, మధ్యలో ఒకరోజు తప్పితే పెద్దగా నష్టం లేదని చదివాను. పదకొండు రోజుల గురించి వాళ్లేమీ చెప్పలేదు. పన్నెండో రోజు లేచి కుర్చీ నేనే గర్రుమని లాక్కున్నాను, మెల్లగా ఎత్తి పెట్టుకోవచ్చు, కానీ ఆ చప్పుడు లేకపోతే పొద్దున అయినట్టు ఉండదు.

వచ్చే నెల మళ్లీ ట్రాన్స్‌ఫర్. మొన్న అక్కడి బ్రోకర్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ, అద్దె కంటే ముందు, దగ్గర్లో గ్రౌండ్ ఏదైనా ఉందా, పొద్దున్నే జనం వస్తారా అని అడిగాను.

"పిల్లలున్నారా సార్?"

"లేరండీ."

"మరి గ్రౌండ్ ఎందుకు?" అన్నాడు.